తేనె పీపా మీద అరపేజీ

ఆ సుత్తి కాస్త కింద పెట్టు బావా. పొద్దున్నుంచీ ఆ పీపాకి ఒకే ఇనప పట్టీని కొడుతున్నావు. అది ఎప్పుడో బిగిసింది. నా తల మాత్రం వదులైపోతోంది. కూర్చో, ఆ బల్ల మీదే కూర్చో.

నాలో ఒక మంచి గుణం ఉంది, నీకు తెలియందేం కాదు. ఎవరేం అడిగినా నా నోట 'తెలీదు' అన్న మాట రాదు. అడిగినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు. దారి అడిగితే దారి చెప్తా, జ్వరానికి మందడిగితే మందు చెప్తా. వాళ్లు ఎక్కడ తేలారో, జ్వరం ఏమైందో, అది వేరే సంగతి. పెద్ద చదువు లేనివాణ్ణి, ఈ విస్కీ బట్టీలో సీసాలు కడిగే తొట్టి దగ్గర్నుంచి సరుకు వాసన చూసే కుర్చీ దాకా వచ్చానంటే ఆ గుణం చలవే. పనివాళ్లు చాటున 'ముక్కుగారు' అంటారు. ఎదురుగానే అంటే బాగుండునని నా కోరిక.

ఆ గుణమే ఇవాళ నీ కొంప ముంచింది.

ఉండు, నేను విన్నది సరిగ్గా విన్నానో లేదో చెప్పు. ఎనిమిది నెలల కిందట ఆ పొగ సరుకుని, అదే, చిత్తడి నేల మట్టి కాల్చి ఆ పొగ పట్టించిన బార్లీతో తీసిన సింగిల్ మాల్ట్ విస్కీని, తేనె సారా నిలవేసిన పాత పీపాలోకి మార్చావు. పొగకీ తేనెకీ జత కుదిరితే బట్టీకి పేరొస్తుందని మన యజమాని మేడం ఆశ. మర్నాటికే ఆ పీపా కారింది. సరుకు మళ్లీ మామూలు ఓక్ పీపాలోకి వంపేశావు. కారిన పీపాని విప్పి, దాని చెక్క పలకలు పొయ్యిలో పెట్టావు. చీటీ మాత్రం అలాగే తెచ్చి ఓక్ పీపాకి తగిలించావు. దాని మీద 'తేనె పీపా' అని ఉంది. కొట్టేయడం మరిచిపోయావు. అంతేగా?

అదే రోజు అక్కకి ఆపరేషన్. ఎవడికి గుర్తుంటుంది చీటీ?

నిన్న నేను దాన్ని రుచి చూశాను. మేడం ఎదురుగా కూర్చున్నారు. గ్లాసు తిప్పాను, కళ్లు మూశాను. కళ్లు మూయడం నాకు బాగా వచ్చు. అరపేజీ రాశాను. తేనె మైనం అన్నాను, ఎండలో ఆరిన గడ్డి అన్నాను, ఆరిపోయిన నెగడు పక్కన తేనెపట్టు పిండినట్టుందన్నాను. మేడం రెండుసార్లు చదివించుకున్నారు. లేబుల్ మీద వేయిద్దామన్నారు.

పొద్దున్న ఆ లేబుల్ నమూనా నీ కంటబడింది. చీటీ సంగతి గుర్తొచ్చి నువ్వే పరిగెత్తుకెళ్లి తప్పు ఒప్పుకున్నావు. ఇంకొకడైతే నోరు మూసుకుని ఊరుకునేవాడు. ఆవిడేమో నా అరపేజీ తీసి నీ ముందు పెట్టింది. "ఆయనకి నాలుగు చోట్ల తేనె తగిలింది మేస్త్రీ. తేనె పీపాలో లేని సరుకులో తేనె ఎలా వస్తుంది?"

కోప్పడినా బాగుండేది. కుర్చీ వేసిందట, మంచినీళ్లిచ్చిందట. ముప్పై ఏళ్లు కష్టపడ్డారు, వయసు మీద పడితే జ్ఞాపకం అటూ ఇటూ అవుతుంది, ఒకటో తారీఖు నుంచి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి అందట.

అప్పట్నుంచీ నువ్వు ఆ పట్టీ కొడుతూ, పీపా నిజంగా కారిందా, నేనే కలగన్నానా అని నన్ను అడుగుతున్నావు. మీ నాన్నకీ చివర్లో ఇలాగే మొదలైందంటున్నావు. అది వినలేకే వచ్చాను.

కారింది బావా. నువ్వే వంపేశావు. నీ జ్ఞాపకానికి ఏ రోగమూ లేదు. రోగం నాది.

రెండేళ్ల కిందట పది రోజులు జ్వరం వచ్చింది చూడు. పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. ముందు జలుబనుకున్నా. ఓ రోజు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే నీ చెల్లెలు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చింది. నేను పొయ్యి పక్కనే తీరిగ్గా పేపర్ చదువుతున్నాను. పేపర్లో మునిగిపోయాననుకుంది పిచ్చిది.

ఎలా నెట్టుకొచ్చానా? నాలుక మిగిలిందిగా. తీపీ, చేదూ, మంటా తెలుస్తాయి. మిగతాది చీటీ చెప్తుంది. చీటీ మీద షెర్రీ అని, అదే ఆ ద్రాక్షసారా పీపా అని ఉంటే ఎండుద్రాక్ష అని రాస్తా. పొగ సరుకైతే తారు, ఉప్పుగాలి, ఆస్పత్రి వరండా. మేడం కనుబొమ్మ లేచిందంటే ఇంకో పండు కలుపుతా. నీ మొహం కూడా చదివేవాణ్ణి. నిన్న నువ్వు అక్కని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లావు. నువ్వుంటే నీ మొహం చూసి ఆగేవాణ్ణేమో. ఏమో, ఆగేవాణ్ణి కాదు. అబద్ధం ఎందుకు.

అలా చూడకు. తిట్టాలనుంటే తిట్టు.

ఏమిటిది, గ్లాసా? ఇప్పుడా? సరే, ఇలా తే. రంగు బాగానే ఉంది. ఆగు మరి, ముందు వాసన చూడనీ. పొగ... పొగ కాస్త తక్కువే. అడుగున ఉప్పుగాలి. ఎండిన నారింజ తొక్క కూడా...

ఎందుకు నవ్వుతున్నావు?

ఆ బకెట్లోదా? ఇనప పట్టీలు నానబెట్టిన తుప్పు నీళ్లా?

నవ్వు బావా, నవ్వు. పొద్దున్నుంచీ నీ మొహంలో ఇప్పుడే కదా కాస్త వెలుగు కనబడింది. చూశావా, నీకంతా చెప్పుకున్న నోరు ఇంకా ఆరనేలేదు, అప్పుడే నారింజ తొక్క దాకా వెళ్లిపోయింది.

లే, మేడం దగ్గరికి పోదాం. రేపు లేబుళ్లు అచ్చుకెళ్తాయి. నా కుర్చీ పోతే పోనీ, సీసాలు కడగడం ఇంకా మర్చిపోలేదు. నిన్ను మతి పోయినవాడివని ఇంటికి పంపిస్తే, అక్క ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?

ఒక్కటే. లోపలికెళ్లాక నువ్వు నా పక్కనే నిలబడు. ఆవిడ మామూలుగానే గ్లాసు నా ముందుకు జరుపుతుంది, ఏమనిపిస్తోంది అని అడుగుతుంది. పొగకి పాతిక మాటలు నేర్చుకున్నాను గానీ, 'నాకు తెలీట్లేదండీ' అనడం మాత్రం నాకింకా రాలేదు.