సీటీ వాహబ్ భాయ్‌కు ఇరవై రెండేళ్లుగా చెప్పని మాట

అధ్యక్షస్థానంలో ఉన్న లక్ష్మీనర్సమ్మ గారికి, వేదిక మీది పెద్దలకు, నందిపేట్ నుంచి షేర్ ఆటోల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చొని వచ్చిన రైతులకు, కల్లాల దగ్గర పని వదిలేసి, చేతులకు పసుపు అట్లాగే ఉండగా వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. వాహబ్ భాయ్, మీకు సలాం. మీ మెడలో ఆ దండలు చూస్తే మనిషి కనబడడం లేదు, ఒక రెండు తీసి పక్కన పెట్టండి. (నవ్వులు)

నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన వాణ్ణి, పది నిమిషాల్లో నేను హాజరు కూడా పూర్తిగా పిలవలేను. లక్ష్మీనర్సమ్మ గారూ, ఆ గంట మీద నుంచి జర చెయ్యి తీయండమ్మా.

వాహబ్ భాయ్ గొప్పతనం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు అన్నీ చెప్పేశారు. నాలుగో తరగతితో బడి మానేసి, పాత డ్రమ్ములు, పాత పైపులు, లారీ స్ప్రింగులు ఏరుకొచ్చి వెల్డింగ్ షాపు పెట్టి, ఆ షాపులోనే ఆవిరితో పసుపు ఉడికించే బాయిలర్ చేసి, ఉడికిందో లేదో అదే చెప్పేటట్టు దానికి సీటీ, అంటే ఈల, పెట్టి, ఢిల్లీకి పోయి అవార్డు తెచ్చుకొని, అక్కడ ఒక సైంటిస్టు గారు ఇంగ్లీషులో అరగంట పొగిడితే 'మంచిదే అన్నడనుకుంట' అని వచ్చి మాకు చెప్పిన మనిషి ఈయన. ఈరోజు మహారాష్ట్ర నుంచి, తమిళనాడు నుంచి కూడా మనుషులొచ్చి ఆ సీటీ చూసి పోతున్నారు. రేపటి నుంచి షాపు ఆయన బిడ్డ హిబా చూసుకుంటుంది. అమ్మా హిబా, నువ్వు వెల్డింగ్ చేస్తుంటే మీ అబ్బా వెనక నిలబడి తప్పులు వెతుకుతున్నాడని విన్నాను. వెతకనీ, దొరకవు. (చప్పట్లు)

నాకు మాత్రం ఇవాళ పొగడటం కంటే కష్టమైన పని ఉంది. ఒక తప్పు ఒప్పుకోవాలి. నాది. ఒప్పుకున్నాక ఇద్దరి మొహాలు చూడాలి. ఒకరు వేదిక మీద ఉన్నారు. రెండోవారు మా బాపు ముత్తెన్న, అదిగో మొదటి వరుసలో, తెల్ల రుమాలు. ఇరవై రెండేళ్లుగా ఆయన వాహబ్ భాయ్‌తో మాట్లాడడు. మా పసుపు ముప్కాల్ దాకా మోసుకుపోయి వేరేవాళ్ల బాయిలర్‌లో ఉడికించుకొస్తాడు. ఇవాళ కూడా విత్తనం మీటింగని అబద్ధం చెప్పి తీసుకొచ్చాను. బాపూ, లేవకు. కూర్చో. జరసేపే.

ఎందుకు మాట్లాడడో ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ తెలుసు. బాయిలర్ కొత్తగా చేసిన ఏడాది, ఊళ్లో ఎవరూ ధైర్యం చేయకపోతే, మొట్టమొదట పసుపు ఇచ్చింది మా బాపే. అప్పటికి సీటీ లేదు. కొమ్ములో చీపురుపుల్ల గుచ్చి చూడాలి, సులువుగా దిగితే ఉడికినట్టు. పొయ్యి వైపు వాహబ్ భాయ్, డ్రమ్ము వైపు నేను, నా చేతిలో చీపురుపుల్ల. ఆ ఉదయమే నాకు మాక్లూర్ బడికి బదిలీ ఆర్డరు వచ్చింది. మూడేళ్లు తిరిగితే వచ్చిన బదిలీ! కాగితం జేబులో పెట్టుకొని, పుల్ల సంగతి మరిచి, ఆ ఆవిరి హోరులో ఆయనకు గొంతు చించుకొని అదే చెప్పాను.

ఆయన అటునుంచి 'పకా?' అన్నాడు. ఉడికిందా అని. ఉర్దూ తెలిసినవాళ్లు నవ్వుతున్నారు, తెలిసిపోయింది వాళ్లకు. నాకేమో 'పక్కా?' అని వినబడింది. బదిలీ ఖాయమేనా అని అడుగుతున్నాడనుకొని, 'పక్కా! పక్కా! సంతకమైంది!' అని అరిచాను. ఆయన మంట ఆపి, డ్రమ్ము వంచి, మొత్తం కల్లంలో పోశాడు. (నవ్వులు)

నవ్వండి. ఆరోజు ఎవరూ నవ్వలేదు. అదే టైము లెక్కన మిగతా డ్రమ్ములూ దించాడు, మొత్తం నలభై బస్తాలు. ఎండిన తర్వాత ఇదే మార్కెట్ యార్డుకు తెస్తే, కొమ్ము విరిచి చూసినవాడల్లా లోపల పాలిపోయి ఉందని పక్కకు పోయాడు, ఒక్కడూ ధర చెప్పలేదు. మా బాపు ఇక్కడే, వందమంది ముందర, వాహబ్ భాయ్‌ను 'కచ్చా వాహబ్', అంటే పచ్చి వాహబ్, అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ఆయన తల వంచుకొని 'నాదే తప్పు ముత్తెన్నా' అన్నాడు. పక్కనే నేనున్నాను. పుల్ల గుచ్చలేదని నాకు తెలుసు. 'నాది తప్పు బాపూ' అనాలి, మూడే మాటలు. అనలేదు. తెల్లచొక్కా వేసుకున్న పంతుల్ని, ఊరిముందు ఎట్లా అంటాను? అదీ నా పరువు! ఆ తర్వాత మూడేళ్లు పిల్లలు కూడా ఆయన్ను కచ్చా వాహబ్ అని పిలిచారు. అందులో నా దగ్గర చదివినవాళ్లూ ఉన్నారు.

ఆ మూడేళ్లలోనే సీటీ పుట్టింది. చిన్న గొట్టంలో ఒక కొమ్ము, దాని మీద బరువు కట్టిన స్టీలు సూది. కొమ్ము మెత్తబడితే సూది దిగుతుంది, దిగితే ఆవిరికి దారి దొరికి సీటీ మోగుతుంది. ఎవరూ ఎవర్నీ అడగనక్కర లేదు. పేరుమోసిన ఆవిష్కర్త అని ఇందాక ఈయన్ను పొగిడినప్పుడు నాకు సిగ్గేసింది.

వాహబ్ భాయ్, చెప్పేశాను. తిట్టాలనుంటే మైకు ఇదిగో.

(వాహబ్ మైకు తీసుకుంటారు.) "అరె పంతులూ! నువ్వు పకా అన్నట్టు ఇనబడ్డది, పసుపేమో కచ్చా ఎల్లింది, నా చెవులే ఖరాబైనయనుకున్న కదనయ్యా! నిజామాబాద్ దవాఖానల రెండుసార్లు చూపిచ్చుకున్న. చెవులు మంచిగున్నయని డాక్టర్ అంటే, డాక్టర్‌కే ఏం తెల్వదనుకున్న. చెవులను నమ్ముడు బంద్ జేసి సీటీ వెట్టిన!" (పెద్దగా నవ్వులు, చప్పట్లు)

అందరూ జర ఆగండి. బాపు లేచాడు. ఎవరైనా చెయ్యి పట్టుకోండి, మెట్లు ఎత్తుగా ఉన్నాయి. బాపూ, కోపం నా మీద చూపించు...

(ముత్తెన్న మైకు దగ్గరికి వస్తారు.) "గీ ముచ్చట చెప్పనీకి ఇరవై రెండేండ్లు వట్టిందిరా నీకు? బళ్లె పిల్లలకేం చెప్పినవ్‌రా? జరుగు అవతలికి." (వాహబ్ వైపు తిరిగి) "వాహబూ. తిట్టరాని తిట్లు తిట్టిన నిన్ను. నా కొడుకు నోరు మూస్కున్నడు, నువ్వూ నోరు మూస్కున్నవ్. నేనొక్కన్నే ఒర్రిన. తప్పయింది." (హిబా వైపు తిరిగి) "బిడ్డా హిబా, రేపు పొద్దుగాల మా కల్లంకాడికి బాయిలర్ తోలుకరా. మీ అబ్బాను గూడ తోలుకరా. పసుపు ఉడికేదాంక మా ఇంట్ల కూసుంటడు, బువ్వ తిని వోతడు."

మిత్రులారా, కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ల పేర్లు రాసుకొచ్చాను. కళ్లజోడు తడిసింది, ఒక్క పేరూ కనబడడం లేదు, కోపగించుకోకండి, అందరికీ పేరుపేరునా చెప్పాననుకోండి. గంట కొట్టని లక్ష్మీనర్సమ్మ గారికి మరీ మరీ. నేను తొందరగా ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాలి, రేపు వాహబ్ భాయ్ మా ఇంటికి భోజనానికి వస్తున్నాడు. సెలవు.