చెట్టు తరపున మాటిచ్చిన వెంగమ్మ

చెండ్రాయుడని ఒకాయన, గొడ్డలెత్తుకొని దొడ్లో మామిడిచెట్టు ముందర నిలబడినాడంట. బేనీషా చెట్టు, పన్నెండేండ్లది, పచ్చగా ఇంతెత్తుంది, ఒక్క కాయ లేదు. మనకు తెలిసిందే కదా, కాయని చెట్టును బెదిరిస్తాం. ఒకరు గొడ్డలెత్తి కాస్తావా, కొట్టేసేదా అని అడగాల, ఇంకొకరు చెట్టెనక నిలబడి చెట్టు మాదిరి బదులు చెప్పాల. ఆ పొద్దు చెట్టెనక ఉండేది ఆయన మనవరాలు వెంగమ్మ, ఇంటరు పాసైన పిల్ల. కాస్తా, కొట్టొద్దు అనేసింది. అందరూ అనేదే అనుకో. అయితే ఆ ముసలాయన దగ్గర అట్ల కుదరదు. ఏటేటా ఎవరో ఒకరు కాస్తా అంటారు, కాసేది లేదు, ఇంక మాటిచ్చినోళ్లదే పూచీ, మూడేండ్లలో కాయకుంటే నరికి పొయ్యిలో పెడతా అన్నాడంట. వెంగమ్మకు ఆ చెట్టంటే ప్రాణం, నాటిన పొద్దు గుంతలో మన్ను వేసింది తనే. ఏం చేస్తాది, పోయి పండ్లచెట్ల కాలేజీలో చేరింది. ఉద్యోగానికి చదివేవాళ్లను చూసినాం, చెట్టుకు జామీను పడి చదివింది మాత్రం ఆ పిల్లొక్కతే.

రెండేండ్లు పోయినాయి. మూడో ఏడు ఏమైందంటే, వెంగమ్మ దసరా సెలవలకు వచ్చి, చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, మాను మొదట్లో ఉండే బండ చూసి నవ్విందంట. ముసలాయన దినమూ నీళ్లు పోసుకునేది ఆ బండ మీదనే. నా ఒంటి మీది నీళ్లు తాగి పెరిగింది అని ఊరంతా చెప్పుకునేవాడు. తాతను అబ్బా అని పిలిచి, ఇంక పూత వచ్చేదాకా దీనికి చుక్క నీళ్లు పడకూడదు అనిందంట. ఆయనకు కోపం నెత్తికెక్కింది. చదువుకొనొచ్చి చెట్టును పస్తు పెడతావా అన్నాడు. ఆ పిల్ల ఏమనిందో వినండి.

"నువ్వు విడవకుండా తాపితే అది ఆకు మీద ఆకు వేస్తానే ఉంటాది అబ్బా. మూడు నెలలు దప్పికైతేనే దానికి పూత మీదికి మనసు పోతాది."

ముసలాయన గొడ్ల కొట్టంలో నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టినాడు, ఎనుములు చూస్తా ఉంటే సిగ్గుపడతా. ఊరుకున్నాడా, మధ్యాన్నం దొంగగా చెంబు తీసుకొని చెట్టు దగ్గరికి పోయేవాడంట, ఆయన పెండ్లాం, వెంగమ్మ జేజి, ఎనక నుంచి పోయి చెంబు లాక్కునేది. రానురాను ఆకు కళ తప్పింది. పుష్యమాసంలో ఒక పొద్దున, చంపేసినారు నా చెట్టును అని గొడ్డలి పట్టుకొని పోయినాడు. పోయినోడు పోయినట్టే నిలబడిపోయినాడు. కొమ్మకొమ్మకూ పూత, తేనెటీగలు గుయ్యిమంటా ఉన్నాయి. గొడ్డలి ఆడనే పడేసి, చెట్టును పట్టుకొని ఏడ్చినాడంట. ఇంత సంతోషం ఆయనకు కొడుకు పుట్టినప్పుడు కూడా లేదని జేజి ఇప్పుడూ దెప్పుతాది. ఫోన్లో ముసలాయన వెంగమ్మను అడిగింది ఒకటే మాట.

"అమ్మా, ఇంక బండ మీద నీళ్లు పోసుకోవచ్చునా?"

పిందె గోళీకాయంత అయినాక పోసుకో అనింది. ఆ ఎండాకాలం ఊర్లో ఆ పండు తినని నోరు లేదు, నేను నాలుగు తిన్యా. నిన్న నేనూ మా నిమ్మచెట్టు ముందర గొడ్డలెత్తినా. ఎనక నుంచి కాస్తా అనింది ఎవరనుకున్నారు, మా చిన్న మనవరాలు. ఇంకేముంది, దాన్నీ చదివించాల్సిందే.