మూడు రిసీవర్లు, ఒక పసుపు కారు

యార్క్‌షైర్ కొండల్లో ఒక చిన్న ఊరు. రెండువేల ఐదో సంవత్సరం, ఏప్రిల్ నెల, సాయంకాలపు టీ వేళ. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు క్లిఫర్డ్ యాక్‌రాయిడ్ గారి ముందుగదిలో ఆయన, ఆయన భార్య నోరీన్, ఒకప్పుడు ఆయన వద్ద చదువుకుని ఇప్పుడు ఎదురింట్లో ఉంటున్న ట్రెవర్. బల్లమీద ఒక అరచేతి కంప్యూటరు, మూడు చిన్న జీపీఎస్ రిసీవర్లు.

“...అది కాదు మాస్టారూ, మాట్లాడేవి ఇవి కావు. ఈ మూడూ మూగవే.”

“మూగవా? దారి పొడుగునా నోటితో చెబుతుందని నిన్న సెలవిచ్చింది నీవే కదా, ట్రెవర్?”

“చెప్పేది ఈ అరచేతి కంప్యూటరండీ. రిసీవరు పని ఒక్కటే. పైనున్న ఉపగ్రహాల మాట విని, మన కారు ఎక్కడుందో తేల్చి, తీగా గీగా లేకుండా ఆ సంగతి కంప్యూటరు చెవిలో వేస్తుంది. పటం చూపించడం, ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అనడం, అదంతా కంప్యూటరు చూసుకుంటుంది.”

“అనగా ఒకరు వింటారు, ఇంకొకరు అరుస్తారు. మా సంసారం వంటిదే అన్నమాట.”

“వినేదెవరో అరిచేదెవరో కూడా చెప్పు క్లిఫర్డ్. అబ్బాయి తెలుసుకుంటాడు.”

“నీ ఎదుట అరిచే సాహసం నాకెక్కడిది నోరీన్? సరే, ట్రెవర్. ఈ మూడింటికీ గల భేదమేమిటో క్రమంగా వివరించు. తరగతిలో వివరించినట్లు మాత్రం వద్దు.”

“నైలు నది సంగతి ఇంకా మరిచిపోలేదా మీరు?”

“ఎలా మరువగలను? దానిని దక్షిణానికి పారించావు. ఒక ఖండాన్నే తలకిందులు చేశావు. కానివ్వు.”

“ఇదిగో, ఈ నల్లది. గులకరాయిలా ఉంది చూడండి, ఇందులో కొత్త చిప్పు. చెట్లకింద, లోయల్లో, రాతిగోడల మధ్య, ఎక్కడైనా పట్టు వదలదు. ఒకసారి ఛార్జి చేస్తే రోజంతా వస్తుంది. ఈ వెండిరంగుది ఎండతో కూడా ఛార్జి అవుతుంది—”

“ఎండా? ఇక్కడా?”

“అందుకే ఎవడూ కొనడం లేదు. ఇక ఈ మూడోది. పాత చిప్పు. బయట మైదానంలో బాగానే ఉంటుంది కానీ, చెట్టు నీడ తగిలితే స్పృహ తప్పుతుంది. మళ్ళీ తేరుకుని, నేనెక్కడున్నాను అని వెతుక్కోవడానికి మనం ఒక టీ తాగొచ్చు.”

“దానిని జాగ్రత్తగా పక్కన పెట్టు. అది అచ్చం నావంటిది, నాకు దానిమీద అభిమానం పుడుతోంది.”

“మాస్టారూ!”

“నిజమే చెబుతున్నాను. సర్వే పటం చేతికిస్తే, ఏ కొండమీద ఎక్కడ నిలబడితే ఏ చర్చి శిఖరం కనబడుతుందో కుర్చీలో కూర్చుని చెప్పినవాడిని. అటువంటివాడు మొన్న సొంత జిల్లాలో తప్పిపోయాడు. ఈ సంగతి పాత విద్యార్థులకు తెలిస్తే ఊరేగింపు తీస్తారు. అది సరే, తీగ ఉన్నది కొంటే చాలదా? తీగలేనిదే కావాలని నీ పట్టుదల ఏమిటి?”

“మీ కారు ముందు అద్దంలో మంచు కరగడానికి సన్నటి తీగలున్నాయి కదా, ఆ అద్దం వెనకాల ఏది పెట్టినా దానికి ఆకాశం అందదు. అందుకని రిసీవరు వెనక అద్దం దగ్గర పెట్టుకోవాలి, కంప్యూటరేమో మీ ఎదురుగా ఉండాలి. కారు పొడుగూతా తీగ లాగితే నోరీన్ గారి కాళ్ళకి చుట్టుకోదూ?”

“అర్థమయింది. వెనుక సీటులో కూర్చుని, ముందున్నవాడికి దారి చెబుతుంది. మా అత్తగారు కూడా సరిగ్గా అదే స్థానంనుంచి—”

“క్లిఫర్డ్! పోయినవాళ్ళ గురించి...”

“పొగుడుతున్నాను నోరీన్. ఆవిడకు సిగ్నలు అందకపోవడమన్నది నేనెరుగను.”

“ఈయన మాటలకేంలే ట్రెవర్, నువ్వు కేకు తీసుకో. ఇవన్నీ ఎక్కడ దొరికాయి నీకు?”

“లీడ్స్‌లో ఒక షాపువాడు నాకు బాగా తెలుసు. రేపటిదాకా చూసి ఇవ్వమన్నాడు. బస్సులో వెళ్ళొచ్చేసరికి నడుం పట్టేసింది—”

“బస్సులోనా? అయ్యో పాపం, ఇంకొక ముక్క తీసుకో. మీ వంటగది పని ఎంతవరకొచ్చింది? పొద్దున్నుంచీ ఒకటే దబదబ.”

“పాతదంతా పెరికి బయట పడేశారండీ. మా ఆవిడ మెట్లకింద చిన్న పొయ్యి పెట్టుకుని గుడ్లు ఉడకేస్తోంది. మూడు పూటలా గుడ్లే. ఇటు చూడండి మాస్టారూ, ఈ నల్లదానికి నీలం దీపముంది. అది మిణుకుమిణుకుమంటే ఉపగ్రహాలు దొరికినట్టు.”

“ఆహా! చక్కగా మిణుకుతోంది. కంటికి హాయిగా ఉంది.”

“ఇంకా ఆన్ చేయలేదండీ.”

“...నీ శ్రద్ధను పరీక్షించాను. ఉపాధ్యాయుడి పాత అలవాటు. నెగ్గావు, సంతోషం. ఆన్ చెయ్యి.”

“చేస్తున్నా. నోరీన్ గారూ, ఆ పెట్టెమీద కిందివైపు కోడ్ ఉంటుంది, రెండింటినీ జత చేయడానికి. కాస్త చదివిపెడతారా?”

“నా కళ్ళద్దాలు వంటింట్లో ఉండిపోయాయి నాయనా.”

“నెత్తిమీదున్నాయి కదండీ?”

“ఇవా? ఇవి... ఇవి వేరే.”

“ఫర్వాలేదులెండి, అన్నింటికీ నాలుగు సున్నాలే పెడతారు. ఆ... కలిశాయి. ఇప్పుడు వీధి చివర చర్చికి దారి అడుగుతాను. వినండి, గొంతు పెంచుతున్నా... విన్నారా?”

“అద్భుతం! ఇంకా పెంచవచ్చునా?”

“ఇంకానా? మా ఇంటికి వినిపిస్తుంది.”

“ఎవరావిడ? గొంతులో బాగానే తేనె పోసుకుంది.”

“ఎవరూ కాదండీ, రికార్డు చేసిన గొంతు. మాస్టారు ఒక మలుపు దాటేశారనుకోండి, ‘వీలైనచోట వెనక్కి తిరగండి’ అంటుంది.”

“అంతేనా? ‘నేను ముందే చెప్పాను’ అనదా?”

“అనదు.”

“నిట్టూర్చదా?”

“నిట్టూర్చదు మాస్టారూ.”

“ఆమెకు పెళ్ళి కాలేదని స్పష్టంగా తెలుస్తోంది.”

“నోరీన్ గారూ, నాకొకటి అర్థం కాదు. పోయినేడు ఇదే మాట నేనెత్తితే, నలభై ఏళ్ళుగా పటం నా ఒళ్ళో ఉంది, నా చోటు డబ్బాకి ఇస్తావా అని నా మీద టీ పోసినంత పనిచేశారు. ఇవాళ మీరే తొందరపెడుతున్నారు.”

“పోయినేడు వేరు.”

“ఏం వేరు?”

“కేకు తిను.”

“రెండు ముక్కలయ్యాయండీ. సరే, చేరాల్సిన ఇంటి చిరునామా మాత్రం బయల్దేరే ముందు మీరే ఎక్కించాలి. ఇదిగో, ఈ పుల్లతో ఈ అక్షరాలమీద—”

“అదీ నోటితో చెబితే వినదా?”

“వినదండీ.”

“అన్నీ నువ్వే ముందుగా ఎక్కించి పెట్టేయరాదూ? బుధవారం ఇళ్ళన్నీ. నాకు యంత్రాలు పడవు.”

“అసలింత హడావుడి ఎందుకొచ్చింది? ఎప్పుడూ వెళ్ళే ఇళ్ళే కదా?”

“దాచి ప్రయోజనం లేదు నోరీన్, చెప్పేస్తాను. ట్రెవర్, మేము వారానికి రెండు రోజులు ముసలివారికి వేడి భోజనాలు కారులో చేరవేస్తున్నామని నీకు తెలుసును. పోయిన శుక్రవారం ఓగ్డెన్ గారి భోజనం వేరొక ఇంటికి చేరింది.”

“చర్చి దాటాక ఎడమవైపు అని నేను చెప్తూనే ఉన్నాను.”

“నీవు చెప్పింది కుడివైపు. పటం నీ ఒళ్ళో ఉన్నది, చూసి చెప్పవద్దూ?”

“వీధి పేరు అంత బోర్డుమీద రాసి నీ ముక్కు ముందుంటే పటమెందుకు? చదవొద్దూ?”

“పటం ఉండగా బోర్డు ఎందుకు చదవాలి?”

“బోర్డు ఉండగా పటం ఎందుకు చూడాలి?”

“ఆగండాగండి. ఇంతకీ ఆ భోజనం ఎవరు తిన్నారు?”

“ఇంటికి రంగులు వేస్తున్న ఒక పనివాడు. నిచ్చెన దిగి వచ్చి, ఎంతో మర్యాదగా పళ్ళెం అందుకుని, కస్టర్డుతో సహా ఆరగించాడు. నేను అతనిని ‘ఓగ్డెన్ గారూ, ఈవేళ ఆరోగ్యంగా కనిపిస్తున్నారు’ అని అభినందించాను కూడా.”

“ఓగ్డెన్ గారు తొంభై దాటిన ఆడమనిషి కదండీ!”

“అతడు తలకు గుడ్డ కట్టుకున్నాడు. పొరపాటు ఎవరికైనా సహజం.”

“ఆవిడ ఆ పూట బిస్కెట్లు నమిలి భోజనాల కమిటీకి ఫోన్ చేసింది ట్రెవర్. అధ్యక్షురాలు నిన్న వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఈ పని చిన్నవాళ్ళకి అప్పగిస్తానంది.”

“చిన్నవారంటే ఎవరనుకున్నావు? ఆవిడ తమ్ముడు. అరవై ఆరేళ్ళ బాలుడు. పైగా బుధవారంనుంచి కొండ అవతలి పొలాల ఇళ్ళు కూడా మాకే ఇచ్చింది. అది బాధ్యత కాదు, ఉరి.”

“ఆ రెండు రోజులూ తీసేస్తే మా వారంలో ఏముంది చెప్పు? ఇతను నావైపు చూస్తాడు, నేను గడియారం వైపు చూస్తాను.”

“వృద్ధులకు సేవ చేస్తున్నానని ఊరంతా చాటుకున్నవాడిని నేను. ఆ వృద్ధులలో సగంమంది నాకంటే చిన్నవారు. ఇద్దరు నా విద్యార్థులు. ఇప్పుడు నేను కారు దిగితే, మరుసటి వారమే ఆ మూతపెట్టిన పళ్ళెం నా గుమ్మంలోకి వస్తుంది. తెచ్చేది ఆ అరవై ఆరేళ్ళ బాలుడు. ‘బాగున్నారా తాతగారూ’ అంటాడు. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు.”

“అంతమాట వద్దు మాస్టారూ. ఈ నల్లది తీసుకోండి, దారి తప్పే మాటే ఉండదు.”

“అలా అన్నావు, బాగుంది. ఒకటి రెండు సందేహాలు. ఇల్లు వచ్చిందని చెబుతుందా?”

“చెబుతుంది.”

“ఎదురుగా ఎర్రదీపం ఉంటే?”

“ఎర్రదీపమా?”

“ఆసక్తికొద్దీ అడుగుతున్నాను.”

“అది మీరు చూసుకోవాలండీ.”

“గొర్రెలు అడ్డం వస్తే?”

“గొర్రెలు ఉపగ్రహాలకి ఏం తెలుస్తాయి మాస్టారూ? అవి కూడా మీరే చూడాలి.”

“ఎంత పెద్ద గొర్రె అయినా?”

“...మాస్టారూ, కోపగించుకోకపోతే ఒక మాట. మీరు కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది?”

“నా కళ్ళకు ఏ లోపమూ లేదు.”

“వచ్చే నెల మీకు డెబ్బై నిండుతుంది. లైసెన్సు మళ్ళీ తెచ్చుకోవాలి. ఇరవై మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు చదవగలనని మీరే హామీ ఇవ్వాలి.”

“ఇస్తాను. పెద్దమనిషి మాట.”

“మాట సరేనండీ. చదవగలరా?”

“విన్నావా నోరీన్? నైలు నదిని దక్షిణానికి పారించినవాడు నాకు పరీక్ష పెడుతున్నాడు!”

“పెట్టనీ. చదివేసి నోరు మూయించు.”

“తప్పకుండా. కిటికీ తెర తొలగించు. అక్కడెక్కడో వెతకడం దేనికి, ఎదురుగా వీడి పసుపు కారే ఉన్నది. దాని నంబరే చదువుతాను.”

“మా కారా? మాస్టారూ, అక్కడ—”

“అడ్డు రాకు! పరీక్ష జరుగుతుండగా మాట్లాడకూడదని నీకు ఆనాడే చెప్పాను.”

“అది కాదండీ, ముందు నా మాట—”

“నిశ్శబ్దం! పి... ఐదు, ఎనిమిది, రెండు... కె, డబ్ల్యూ, ఎక్స్. ఏమంటావు?”

“అది కాదు మాస్టారూ, అక్కడున్నది—”

“అక్కడున్నది తరువాత. నంబరు సరియైనదా, కాదా?”

“సరైనదే... మా కారు నంబరు అదే.”

“ఒక్క అక్షరం పొల్లుపోలేదు! ఇంత దూరంనుంచి నాకు కూడా శుభ్రంగా కనిపిస్తోంది ట్రెవర్. ఆ చివరి ఎక్స్ మీద బురద కూడా పడింది, కడుక్కోకూడదూ?”

“చూశావా? ఇద్దరు సాక్షులు! ఇక నీ అనుమానం తీరినట్లే. చెప్పు, ఏది కొనమంటావు? నల్లదేనా?”

“ఏదీ వద్దు మాస్టారూ.”

“వద్దా? ఇప్పుడేకదా నల్లది తీసుకోమన్నావు?”

“ఆ కారు నేను సోమవారమే అమ్మేశాను. ఇప్పుడు మీరిద్దరూ చదివింది, మా వంటింటి చెత్త వేసిన, కారంత పసుపు ఇనపతొట్టిని.”