నడిచేవారికి తలుపు తీసిన కాలిబాట మేడంగారు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు నెల ఏడవ తేదీన, ఎడతెరిపి లేని వానలో, ఒక చేత నియామకపు ఉత్తర్వును, మరో చేత తెగిన చెప్పును పట్టుకుని మా అటవీ కార్యాలయపు మెట్లెక్కిన యువతి, నేడు క్షేత్రాధికారిణిగా సగౌరవంగా పదవీ విరమణ చేస్తున్నారు. నాటి మా కార్యాలయం రేకుల కప్పు వేసిన రెండు గదులు మాత్రమే. వాన పెద్దదైతే టైపు మిషను ఒక గదిలోంచి మరో గదిలోకి కాపురం మార్చేది. వయసులో వారికంటే చిన్నవాడినైనా ఉద్యోగంలో కాస్త ముందు చేరిన పద్దుల గుమాస్తాను కనుక, పెద్దరికం తెచ్చిపెట్టుకుని "ఎవరు కావాలండీ?" అని అడిగాను.

"ఎవరూ అక్కర్లేదండీ. కూర్చోడానికో కుర్చీ కావాలి. ఇవాళ్టినుంచి నేనూ ఇక్కడే" అన్నారు.

ఆ కుర్చీలో వారు కూర్చున్నది తక్కువ. సహాయకురాలిగా ఉన్న తొలి సంవత్సరాలలో కొండ మీది ప్రతి దారినీ, సరస్సు చుట్టూ ఉన్న ప్రతి మలుపునూ స్వయంగా నడిచి పరిశీలించినందువల్లనే వారికి 'కాలిబాట మేడం' అన్న పేరు స్థిరపడింది. ఆ రోజులు తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఉదయపు సందడి. రాత్రి డ్యూటీ దిగిన ఆసుపత్రి నర్సులు, కొట్టు తెరవకముందు నాలుగడుగులు వేద్దామని వచ్చే దర్జీలు, మనవళ్లను అదుపు చేయలేక తామే పరుగెత్తే అమ్మమ్మలు, అందరూ మా కిటికీ పక్కనుంచే అడవిలోకి వెళ్లేవారు. లోనికి రావడానికి అనుమతి కావాలన్న ఊహ వారికీ లేదు, మాకూ లేదు.

కాలక్రమాన ప్రభుత్వ నిధులు సన్నగిల్లాయి. వానలకు దారులు కోసుకుపోయాయి. సరస్సుకు వెళ్లే వాగు మీది చెక్క వంతెన పుచ్చిపోగా, ఒకనాటి ఉదయం పలక విరిగి ఒక నర్సమ్మ కాలు విరగ్గొట్టుకుంది. ఆమెను భుజాన వేసుకుని రోడ్డుదాకా మోసుకొచ్చినవారిలో మేడంగారు ఒకరు. ఆ సాయంత్రం బట్టలకు మట్టితోనే నా బల్ల ముందు నిలబడి, "ఎవర్నని అడుక్కుంటాం? వచ్చేవాళ్ల దగ్గరే తలా కొంచెం తీసుకుందాం. వాళ్ల దారి వాళ్లకే బాగవుతుంది" అన్నారు. ప్రవేశ రుసుము ప్రతిపాదనను రచించినది వారే, దానికి అంకెలు సమకూర్చినది నేను. మరుసటి సంవత్సరానికి కొత్త వంతెన, రాళ్లు పరిచిన దారి, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఏర్పడ్డాయి. రుసుమును నిందించేవారు ఈ మూడింటినీ మరువరాదని నా మనవి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పక తప్పదు. సెలవు రోజున మామూలు చీరలో, అత్తగారిని వెంటబెట్టుకుని మేడంగారు అడవికి వచ్చారు. గేటు దగ్గర కొత్తగా చేరిన గార్డు వారిని గుర్తుపట్టక, "టిక్కెట్టు తీసుకోండమ్మా, వరసలో రండి" అన్నాడు. వారు మారుమాట లేకుండా వరసలో నిలబడి రెండు టిక్కెట్లు కొన్నారు. అత్తగారు గట్టిగా, గేటంతా వినిపించేలా, "ఇదేం చోద్యమే అమ్మాయ్! రోజూ నువ్వు కాపలా కాసే చెట్లని చూడ్డానికి నువ్వే డబ్బులిస్తున్నావా? ఇంటికెళ్లాక వంటింట్లోకి రావడానికి నన్నూ టిక్కెట్టు అడుగుతావా ఏం?" అన్నారట. మర్నాడు ఈ సంగతి మేడంగారే చెప్పి పడీపడీ నవ్వారు. పాపం ఆ గార్డు మాత్రం వారం రోజులు వారికి ఎదురుపడలేదు.

నవ్వులు అటుంచితే, ఉదయపు సందడి పలచబడుతూ వచ్చింది. బయటినుంచి కార్లలో వచ్చేవారు పెరిగారు గనుక నా పద్దులలో లోటు కనబడలేదు. లోటును చూసినది మేడంగారే. ఒక ఆదివారం ప్రహరీ మరమ్మతు చూడబోయి, గోడ బయట రోడ్డువైపు అరుగు మీద కూర్చున్న వృద్ధ దంపతులను గుర్తుపట్టారు. ఆయన విశ్రాంత బస్సు డ్రైవరు. ఆయన భార్యకు నడివయసులోనే చూపు పోయింది. సరస్సు మీది పక్షుల అరుపులు వినిపించడానికి ఆయన ప్రతి ఆదివారం ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. ఆనాడు అక్కడ నేనూ ఉన్నాను.

"లోపలికి రాలేదేం బాబాయిగారూ?" అని మేడంగారు అడిగారు.

"ఇక్కడికే బాగా వినిపిస్తున్నాయమ్మా" అన్నారాయన.

"అన్నీ అబద్ధాలు!" అంది భార్య. "బస్సుల మోత తప్ప ఇంకేం లేదిక్కడ. రిటైరయినా బస్సులే వినాలా నేను?"

ఆయన ఇబ్బందిగా నవ్వి, "వారం వారం ఇద్దరికీ అంటే కష్టంగా ఉందమ్మా. నెలకోసారి వెళ్తాంలే" అన్నారు.

మేడంగారు వెంటనే సంచీలో చెయ్యి పెట్టి, "ఇవాళ్టికి నేను కొంటాను, రండి" అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఏమీ అనుకోకమ్మా. నువ్వు కొనిస్తే చుట్టాల్లా రావాలి. ఇన్నేళ్లూ మేం చుట్టాల్లా రాలేదు. మాదే అన్నట్టు వచ్చాం."

కార్యాలయం చేరాక మేడంగారు, "లెక్కల సారూ, దారి బాగుచేసి నడిచేవాళ్లని పోగొట్టుకున్నాం. దీన్ని ఏ పద్దు కింద రాస్తారు?" అన్నారు.

అదే కాలంలో ప్రధాన కార్యాలయం, మా కొండ మీది విజయాన్ని ఆదర్శంగా తీసుకుని, అన్ని అడవులకూ రుసుము విధించాలని తలపెట్టింది. ఆ కొత్త విభాగానికి అధిపతిగా మేడంగారి పేరు దాదాపు ఖాయమైంది. పెద్ద జీతం, నగరంలో ఇల్లు, కుమార్తె చదువుకు అనుకూలమైన చోటు. ఆ విషయమై పిలిచిన సమావేశంలో వారు లేచి, నడిచి వచ్చేవారికి రుసుము ఎత్తివేయాలని, వాహనాలకూ విడిది గదులకూ మాత్రమే ఉంచాలని కోరారు.

సంచాలకులవారు నిర్ఘాంతపోయి, "ఈ ప్రతిపాదన రాసింది మీరే కదమ్మా?" అన్నారు.

"నేనేనండీ. అందుకే, మార్చమని అడగాల్సిందీ నేనే."

"సరే, పేదవాళ్లకి ఉచిత పాసులిద్దాం. రుజువు చూపిస్తే చాలు."

"చెట్టు కింద కూర్చోడానికి మేం పేదవాళ్లమని రుజువు చూపించాలా అండీ? వాళ్లు రారు. నేనైనా రాను."

చివరికి మా కొండ వరకు వారి కోరికను మన్నించారు. పదవి మాత్రం మరొకరికి వెళ్లింది.

తరువాతి కాలం సులభంగా గడవలేదు. ఆదాయం తగ్గి, పై దారి రెండు వానాకాలాలు మూసివేయవలసి వచ్చింది. ఉచితంగా తిరిగేవారే "దారి బాగులేదు" అని మేడంగారిని నిలదీసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది. వారు మాత్రం "అడగనివ్వండి, వాళ్లదేగా" అని, సెలవు రోజున వచ్చి రాళ్లు మోయమని ఆ అడిగినవారినే పిలిచేవారు. కొందరు వచ్చేవారు, ఎక్కువమంది ముఖం చాటేసేవారు. వచ్చినవారిలో, కాలు నయమైన నర్సమ్మ ఉండేది. విశ్రాంత డ్రైవరుగారు రాళ్లు మోయలేక, మోసేవారిని వరసలో నిలబెడుతూ, బస్సు మెట్ల మీద వేలాడే ప్రయాణికులను అదిలించినట్టే అదిలించేవారు. సరస్సు ఒడ్డున ఆయన భార్య ఒంటరిగా కూర్చుని, కూత విని పక్షి పేరు పైకి చెప్పుకుంటూ ఉండగా చూసిన ఆదివారాలు నా ఉద్యోగ జీవితంలోకెల్లా నిండైనవి.

అయినా నిజం చెప్పాలి. రుసుము విషయంలో మా ఇద్దరికీ నేటికీ పూర్తి ఏకాభిప్రాయం లేదు. వంతెనలు ఆదర్శాల మీద నిలబడవని నేను, నడిచేవారు లేని వంతెన ఎందుకని వారు, మధ్యాహ్నం భోజనాల వేళ వాదించుకున్నవి లెక్కకు అందవు. వాదన ముగిశాక వారి డబ్బాలోని కూర సగం నా పళ్లెంలోనే ఉండేది. ఈ మధ్యనే ప్రధాన కార్యాలయం, నడిచేవారికీ రుసుము విధించాలన్న అదే ప్రతిపాదనను మళ్లీ పంపింది. ఈసారి సమావేశంలో లేచి నిలబడడానికి వారుండరు. వారి స్థానంలోకి వచ్చే అధికారితో పాటు నేను వెళ్తున్నాను. అంకెలు నావే చెబుతాను, అరుగు మీది ఆ దంపతుల మాటను కూడా చెబుతాను.

బడిలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న వారి భర్తగారు నిన్న నాతో, "మీరిక ఆవిణ్ని వదిలిపెట్టారు, నేను పట్టుకోవాలి. పొద్దున్నే లేచి ఎటో వెళ్లిపోతుంది" అన్నారు. మాస్టారూ, పట్టుకోవడం మీ వల్ల కాదు. వెంట నడవండి. మేడంగారి మోకాళ్లు చిరకాలం వారి మాట వినాలని, ఊపిరి ఏ ఎత్తులోనూ అలసిపోరాదని, కుమార్తె, అల్లుడు, మనవరాలి నడుమ నిండు నూరేళ్లు నవ్వుతూ తిరగాలని, ఏ ఉదయమైనా మా కిటికీ పక్కనుంచి వెళ్తూ లోపలికి తొంగిచూసి "కుర్చీ ఉందా?" అని అడగకుండానే వచ్చి కూర్చోవాలని, కార్యాలయ బృందం తరఫున, ముఖ్యంగా నా తరఫున, మనసారా కోరుకుంటున్నాను.