వీరయ్యకొచ్చిన ఢిల్లీ కప్పు

రాంగోపాల్‌పేట్‌లో వీరయ్య నోరు తెరిచాడంటే ఇరానీ హోటల్‌లో అందరి చాయ్ చల్లారాల్సిందే. పెళ్లి బ్యాండులో క్లారినెట్టు ఆయనది. ఆ నోటికి రెండు పనులొచ్చు, ఊదడం, కోతలు కోయడం. ఏది బాగా చేస్తాడో చెప్పడం కష్టం.

ఆ రోజు మాత్రం అవసరం కొద్దీ కోస్తున్నాడు. ఎదురుగా శేషారత్నమ్మగారు కూర్చున్నారు. కూతురి పెళ్లికి బ్యాండు మాట్లాడదామని ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చారు. ఆవిడ కళ్లు మాటిమాటికీ రోడ్డవతలి బ్యాండు దుకాణం వైపు పోతున్నాయి. అక్కడ కొత్తగా కీబోర్డు తెచ్చారు. ఈ పెళ్లి కూడా పోతే ఈ సీజన్‌లో వీరయ్య బ్యాండులో పన్నెండుమందికీ పని లేనట్టే. పక్కనే రాములు సాసర్‌లో చాయ్ పోసుకొని ఊదుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా వీరయ్య పక్కన డ్రమ్ము కొట్టేది ఆయనే.

"గొప్పలు చెప్పుకునుడు నాకు అలవాటు లేదమ్మా," అని షురూ చేశాడు వీరయ్య. "ఎనభై రెండుల ఢిల్లీకెల్లి కార్డొచ్చింది. రికార్డు కంపెనీలోళ్లంత కలిసి, దేశం మొత్తంల ఒక్కలే నిలబడి వాయించేటోళ్లకు అవార్డు పెట్టిన్రు. సోలో అవార్డు! నేను అడగలే, వాళ్లే రమ్మన్నరు. సికింద్రాబాద్ టేషన్ల రైలెక్కి, ఊకెనే కూసునుడెందుకని జెర ప్రాక్టీసు చేసిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఇంజను డ్రైవరు నా పాటకు హుషారైండు. నేను దంచుతున్న, ఆయన ఉరికిస్తున్నడు. రైలు ఒక రోజు ముందే ఢిల్లీ చేరింది!"

"మన రైలా?" పక్క బల్ల దగ్గర పేపరు చదువుతున్న కామరాజు తలెత్తాడు.

"ఆగు కామరాజూ, అసలు సంగతి ముందుంది. స్టేజెక్కి ఒక్క సురం ఊదిన, మైకు కాలిపోయింది. కాలితే ఏందీ? ఒకటే ఊపిరి పట్టిన చూడు, జనం బయటికి పోయి చాయ్ తాగొచ్చిన్రు, ఇంకా అదే ఊపిరి! జడ్జీకేమో బట్టతల. నేను పై సురానికి పోంగనే ఆయన వెంట్రుకలు నిక్కబొడుచుకున్నయ్."

"బట్టతల అంటివి కదనే?" అన్నాడు కామరాజు.

"గదే చెప్తున్న! లేని వెంట్రుకలు లేపిన. మరి అవార్డు ఊకెనే ఇస్తరా?"

శేషారత్నమ్మగారు నవ్వు ఆపుకోలేకపోయారు, చాయ్ పొలమారింది. వీరయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఆగుతాడా?

"కప్పిచ్చిన్రమ్మా, కప్పు! నలుగురు పట్టినా లేవలే. గూడ్సు బండిల ఏసుకొచ్చిన. ఇప్పుడు మా ఇంటి మీద నీళ్ల ట్యాంకు గదే!"

"మరి అక్కడ డ్రమ్ము ఎవరు కొట్టారండీ?" అన్నారు శేషారత్నమ్మగారు.

"డ్రమ్మెందుకమ్మా? నేనొక్కన్నే!"

రాములు చేతిలో సాసర్ ఆగింది. వీరయ్య చూశాడు. చూసినా నోరు ఆగితేనా? "డ్రమ్ముంటే నాకు అడ్డం!"

"అయితే మంచిదేగా," అంటూ ఆవిడ లేచారు. "పెళ్లికి మీరొక్కరే రండి. పన్నెండుమంది ఎందుకు? ఏదీ, ఒక్క ముక్క వినిపించండి."

వీరయ్య నాలుక కరుచుకున్నాడు. పన్నెండుమందికి పని తెద్దామని నోరు తెరిస్తే పదకొండుమందిని తనే తీసేశాడు. క్లారినెట్టు పెదాలకు ఆనించాడు. ఊపిరి బయటికి రాలేదు. రాములు రెండు దెబ్బలు వేయకుండా ఆయన ఏనాడూ పాట ఎత్తుకోలేదు. హోటలంతా ఎదురుచూస్తోంది. రాములు పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"తమ్మీ... రెండు దెబ్బలు ఎయ్యరాదు."

"నేను అడ్డం కదనే."

"ఢిల్లీ ఉత్తదే, రైలు ఉత్తదే," వీరయ్య అందరి ముందే అనేశాడు. "నువ్వు లేకుంటే నాకు ఊపిరే ఎల్లదు. అమ్మా, ఏమన్నా అనుకోన్రి, నేనొక్కన్నే అయితే రాను."

రాములు సాసర్ పక్కకు జరిపి బల్ల మీద ధన్ ధన్‌మని రెండు దెబ్బలేశాడు. అంతే, ఊరేగింపు పాట హోటల్ దాటి రోడ్డెక్కింది. కామరాజు పేపరు పడేసి చిటికెలు అందుకున్నాడు.

"ఈ రెండు దెబ్బల కోసమే వచ్చానండీ," అన్నారు శేషారత్నమ్మగారు. "మా చెల్లెలి పెళ్లికి కార్ఖానా ఏరియాలో విన్నాను. ఆయన పేరు ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా. పన్నెండుమందీ రండి."

వీరయ్య సంతోషం పట్టలేక రాములు భుజం మీద చెయ్యేశాడు. "అన్నీ ఉత్తయే గని తమ్మీ, నీళ్ల ట్యాంకు మాత్రం నిజం."

"గట్లనా? మా ఇంట్ల నల్లా నీళ్లు రాక నాలుగు రోజులాయె," అన్నాడు రాములు. "జెర ఒక పైపు ఇటు గుంజు."