మోత ఆగేదాకా ఆగిన మనిషి

1925 జూన్ 8వ తేదీన తంతి ఉద్యోగంలో అడుగుపెట్టి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా సీనియర్ ఆపరేటరు శ్రీ విఠల్‌రావు గారి గురించి నాలుగు మాటలు రాయమని ఆఫీసువారు నన్ను ఆదేశించారు. యంత్రంలోంచి వచ్చే కాగితపు పట్టీని తంతి ఫారాల మీద అంటించడమే నా పని. చదువు అంతంతమాత్రం. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

తొలుత మోర్సు మీట ముందు కూర్చొని, చెవితోనే వార్తలు పట్టి, నిద్రాహారాలు లెక్కచేయక సేవలందించిన ఆ మహనీయులు, లాడ్ బజార్ వెనుక ఉన్న మా కార్యాలయానికి టెలిప్రింటరు వచ్చిన నాడు శిష్యునివలె దానిని అభ్యసించి, అనతికాలంలోనే అందరికీ గురుతుల్యులయ్యారు. ముఖమెరుగని దూరపు ఊళ్లవారితో పగలంతా సంభాషించి, సాయంత్రం ఒక్కరే బహదూర్‌పురా దాకా నడిచి వెళ్లేవారు.

మా అమ్మాయి గోద ఆదిలాబాదులో ఆపరేటరుగా చేరాక ఇంట్లో నేనొక్కదాన్నే. తన క్షేమం నాకు తెలిసే దారి మా ఆఫీసు తంతి తీగె ఒక్కటే. అది పలికితే ఒక భయం, పలకకపోతే ఇంకో భయం. నా అవస్థ చూసి విఠల్‌రావు గారే విడమరిచి చెప్పారు: తీగెలో కరెంటు ఊరికే ఉన్నప్పుడూ పారుతుంది, ప్రతి అక్షరానికి ముందు క్షణంపాటు ఆగి, అక్షరం చివర మళ్లీ అందుకుంటుంది, ఒక అక్షరం పట్టే సమయాన్ని మించి ఆగే ఉందంటే అది అక్షరం కాదు, అవతలివారు మీట నొక్కి మనల్ని ఆగమంటున్నారు, కరెంటు అలా ఆగినంతసేపూ మన యంత్రం ఉత్తినే మోగుతుంది.

ఒక వానాకాలం మధ్యాహ్నం వారు ఆదిలాబాదుకు పెద్ద వార్త పంపుతుండగా, కాగితం మీద ఏమీ పడకుండానే యంత్రం గడగడ మోగసాగింది.

"అన్నా, పిడుగు పడ్డదేమో! నా బిడ్డకేమైందో!"

"రంగనాయకమ్మా, ఫికర్ చేయకు. తీగె తెగితే గీ మోత ఆగదు. ఇగో, ఆగింది. అంటే నొక్కిన చెయ్యి వదిలింది. చెయ్యి ఉన్నది, మనిషి ఉన్నది."

"మరి అడుగన్నా, ఎట్లున్నవని!"

"ఆపినోళ్లే ముందు మాట్లాడాలె. గది కాయిదా."

"కాయిదా నీ దగ్గర పెట్టుకో! బిడ్డ నాది!"

ఎన్నడూ నియమం తప్పని ఆ మనిషి నా ఏడుపు చూడలేక 'క్షేమమేనా' అని కొట్టారు. సరిగ్గా అప్పుడే అటునుంచీ అక్షరాలు బయలుదేరాయి. రెండూ ఒకే తీగె మీద కలబడి ఎవరికీ అర్థంకాని రాత పడింది.

"చూసినవా, పిచ్చి రాతలు రాస్తున్నది నా బిడ్డ!"

"గది నా పిచ్చి, అమ్మా!" అని వారు రెండు చేతులూ మీటల మీదినుంచి ఎత్తి, నన్నూ నోరెత్తవద్దని సైగచేసి, ఊరకున్నారు. ఆ నిశ్శబ్దం నేనెలా భరించానో ఆ దేవునికే తెలుసు. కాసేపటికి ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. వారు చదివి వినిపించారు: "కాగితం చుట్ట అయిపోతే ఆపిన. మార్చిన. మళ్లీ మొదటినుంచి పంపండి. మా అమ్మ అక్కడ ఉంటే, అన్నం తిన్నానని చెప్పండి."

కొత్తవారికి పని నేర్పేటప్పుడు ఆనాటి తమ తప్పిదాన్నే ఉదాహరణగా చెప్పేవారు. అందులో నా పేరు మాత్రం ఏనాడూ తేలేదు.

సోమవారం నుంచి ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా, మోత మొదలైతే నేనెవరి ముఖం చూడాలి? నిన్న ఆ మాటే అడిగితే, "ఇగ నువ్వే విను. నీకు తెల్వదా ఏంది?" అన్నారు. తెలుసు. తెలిసినా భయమే.

విఠల్‌రావు గారూ, వానలో తడవకండి. నళినమ్మ గారూ, వారిని చీకటిపడ్డాక ఒంటరిగా తిరగనీయకండి. ఆ దంపతులకు సంపూర్ణ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటున్నాను. ఇంట్లో పొద్దు గడవక ఏనాడైనా ఒంటరితనం తోస్తే, అన్నా, వచ్చి మా పని ఆపండి. మేము చేతులెత్తి కూర్చుంటాం. ముందు మీరే మాట్లాడాలి.