ప్రేమదాసు కారులో ఎడమ సీటు

పెద్దలారా, అమ్మలారా, పేట లారీ షెడ్లలో నాతో పాటు చెమటోడ్చే తోటివాళ్ళారా,

ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. సంతోషించాలో కోప్పడాలో నాకు తెలియడం లేదు. ప్రేమదాసు బతికుండగా మీలో నాలుగోవంతు మంది ఆయన షెడ్డుకి వచ్చి ఉంటే, ఈ రోజు నాకు మాట్లాడటం ఇంత కష్టమయ్యేది కాదు.

నేను గౌస్ బాషాని. లారీలకు సీట్లు కుడతాను. ప్రేమదాసు టింకరింగ్ మేస్త్రీ. సొట్టపడ్డ రేకు ఆయన చేతికిస్తే అద్దంలా తిరిగొచ్చేది. మా రెండు షెడ్లకూ మధ్య ఒకటే గోడ. పోయిన ఆదివారం గుండె ఆగి పోయాడు. ఆయనకు అక్క ఎలీసమ్మగారు తప్ప ఎవరూ లేరు. ఇదిగో, ముందు వరసలో కూర్చున్నారు. ఆమె కాక, ఒక కారు ఉంది. ఇవాళ ఆ కారు సంగతే చెబుతాను. ఎందుకంటే రేపు షెడ్డు ఖాళీ చెయ్యాలట. పాత ఇనప సామాను కొనేవాడు వచ్చి దాన్ని ముక్కలుగా కోసి తూకానికి పట్టుకుపోతానని కబురు చేశాడు.

అయ్యా, అలాంటి కారు ఇంకోటి ఎక్కడా లేదు. ఎనభై రెండులో గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి గదిలో ప్రేమదాసు విదేశీ క్యాలెండరు చూశాడు. నేలకు ఆనుకుని, ముక్కు కోసుగా, తలుపులు పైకి లేచే కారు బొమ్మ. తిరిగొచ్చి, "అది అమ్మడానికి కాదంట బాషా, ఊరికే చూపించడానికి ఒక్కటే చేశారంట. ఆమాత్రం మనం చెయ్యలేమా?" అన్నాడు.

బొమ్మలో కారు ఒక పక్కే కనిపిస్తుంది. వెనక ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? పగలంతా లారీల పని, సాయంత్రాలు కారు పని. చివరికి ముందు నుంచి చూస్తే విమానం, వెనక నుంచి చూస్తే మన పేట లారీ! రంగు కూడా లారీలకు వేసే నారింజ రంగే. నవ్వండి, ఫరవాలేదు. అది చూసి ఆయనా నవ్వేవాడు.

అన్నీ కుదిరాయి. ఇంజను కొనే తాహతు లేదు.

ఎన్నికల ముందు ఒక పార్టీవాళ్ళు వచ్చారు. ఇంజను మేం పెట్టిస్తాం, పైకప్పు కోసెయ్, మా నాయకుడు నిలబడి దణ్ణం పెట్టుకుంటూ పోవాలి అన్నారు. ప్రేమదాసు వాళ్ళకి టీ ఇప్పించాడు. "కట్టుకున్న ఇంటికి కప్పు పీకితే, వానొస్తే తడిసేది మీరా, నేనా అండీ?" అని పంపించేశాడు. ఊరంతా పిచ్చోడంది.

మరుసటేడు గుంటూరు ఎగ్జిబిషన్‌లో పెట్టమని పిలుపొచ్చింది. కారును ట్రాక్టరుకు కట్టి బయల్దేరాం. యడ్లపాడు దాటాక రోడ్డు మీద కందికట్టె పరిచి ఉంది. మనకు అలవాటే కదా, బస్సులూ లారీలూ తొక్కుతూ పోతే గింజ రాలుతుంది, నూర్చే పని తప్పుతుంది. కానీ ఈ కారు పొట్ట నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. కట్టె అడుగున దూరి బండిని కదలనివ్వలేదు. ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "అందరూ తొక్కిపోతారు, నువ్వు దువ్వుకుపోతన్నావేందయ్యా!" అని ఒకామె కేకలేసింది. కేకలేసిన ఆమే కొంగు బిగించింది. అందరూ చుట్టూ చేరి కారును ఎత్తేశారు. ఇంజను లేని బండి, ఎంత బరువుంటుంది? కంది మీదుగా మోసుకెళ్ళి అవతల దించారు. గింజను చెప్పుకాళ్ళతో తొక్కకూడదని ప్రేమదాసు చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ళ వెనక నడిచాడు. ఆ కారు మీద అన్ని చేతులు పడటం అదే మొదలు, అదే ఆఖరు.

గుంటూరులో జనం మూగి, "స్టార్ట్ చెయ్యి, చప్పుడు విందాం" అన్నారు. "ఇంజను లేదండి" అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. ఇక ఆ రోజు నుంచి డొల్ల కారు ప్రేమదాసు! పెళ్ళిళ్ళలో అన్నారు. చర్చి మెట్ల మీద అన్నారు. మనిషి మాటలు తగ్గించేశాడు.

ఎనభై ఏడులో ఒక మిల్లు వెనక తుప్పుపట్టిన పాత కారు ఇంజను దొరికింది. ఏడాది పాటు దాన్ని బాగుచేశాడు. రేపో మాపో బిగిస్తాడనగా వాన మొహం చాటేసింది. కాలవకు నీళ్ళు రాలేదు. వాగులోంచి మిరపకు నీళ్ళు తోడుకునే వెంకయ్య ఆయిలింజను విరిగిపోయింది. తోటేమో పూత మీద ఉంది. వెంకయ్య షెడ్డుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఆ ఇంజను వంక చూశాడు, అంతే. ప్రేమదాసు వెంకయ్యను నానా తిట్లూ తిట్టాడు. "తీసుకుపోరా! మళ్ళీ నీ మొహం చూపించకు!" అని తనే బండిలోకి ఎత్తించి, తనే వెళ్ళి పంపుకి బిగించాడు.

కిరసనాయిలు తాగి నడిచే కారు ఇంజను ఎన్నాళ్ళు బతుకుతుంది? పంట గట్టెక్కింది, ఇంజను అరిగిపోయింది. కానీ అది నడిచినన్నాళ్ళూ ప్రేమదాసు సైకిలేసుకుని వెళ్ళి పొలం గట్టు మీద కూర్చునేవాడు. ఎందుకయ్యా అని అడిగాను. "నా కారు నడుస్తోంది బాషా, వింటున్నా" అన్నాడు. అంతకన్నా ఒంటరి మాట నేను వినలేదు.

తర్వాత ఆయన ఇంజను ఊసు ఎత్తలేదు. పొద్దువాలితే తలుపు పైకెత్తి స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. దారిన పోయేవాళ్ళను "రా, కూర్చో, అలా పోయొద్దాం" అని పిలిచేవాడు. "ఇంజను లేకుండా ఎక్కడికయ్యా?" అని నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ కారుకు రెండు సీట్లూ నేనే కుట్టాను. నిన్న ఎలీసమ్మగారూ నేనూ షెడ్డు తలుపు తీశాం. కుడి సీటు గుంట పడింది, కుట్లు తెగాయి. ఎడమ సీటు మీద నేను తొడిగిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. ఒక్క ముడత లేదు. ఇంత పెద్ద ఊళ్ళో ఆయన పక్కన కూర్చునే మనిషే లేకపోయాడా? నా పనితనం చెక్కుచెదరలేదని నేను మురిసిపోవాలా?

అప్పుడు ఎలీసమ్మగారు ఒక్కటే మాట అన్నారు: "వాణ్ణి మట్టిలో పెట్టాం బాషా. దాన్ని కొయ్యనీకు."

కొయ్యనివ్వను, అమ్మా. నా షెడ్డులో సగం దానిది. పొద్దున్నే బయటికి తోసుకొచ్చాం, ఈ మెట్ల కిందే ఉంది. వెంకయ్య దాని పక్కనే నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. సభ అయ్యాక ఆ ప్లాస్టిక్ చింపేసి, ఎలీసమ్మగారిని ఎడమ సీట్లో కూర్చోబెట్టి, సమాధుల తోట దాకా తోసుకెళ్దాం. కంది పరిచిన ఆడవాళ్ళు చేసిన పని ఇంతమందిమి చెయ్యలేమా? స్టీరింగ్ నేను బయటి నుంచే పట్టుకుంటాను. కుడి సీట్లో మాత్రం ఎవరూ కూర్చోవద్దు.

ఇక లేవండి. ఆ కారు చప్పుడు వింటామని ఆ రోజు గుంటూరులో అందరూ అడిగారు కదా. రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడి, వినండి.